స్టాకులో ఉన్న సరుకుకి అసలు ఖరీదెంత? రిలవెంట్ కాస్ట్, కారం మిల్లు లెక్కతో

(ఇది వీడియో ఎపిసోడ్‌లో చెప్పిన మాటల రాతప్రతి. చదవడానికి వీలుగా అక్కడక్కడా చిన్న సవరణలు చేశాం.)

ఈరోజు టాపిక్ పేరు వింటే కొంచెం బరువుగా ఉంటుంది. రిలవెంట్ కాస్ట్ ఆఫ్ మెటీరియల్స్. అంటే ఒక నిర్ణయం తీసుకునేటప్పుడు, మెటీరియల్‌కి ఏ ధర వేసి లెక్క కట్టాలి అన్నది. సీఎంఏ, సీఏ, ఏసీసీఏ చదివేవాళ్లకి ఇది తప్పకుండా తగిలే టాపిక్. ఎంకామ్ వాళ్లకీ పనికొస్తుంది. చదువుతో సంబంధం లేకపోయినా, మీ ఇంట్లో ఎవరైనా చిన్న వ్యాపారం చేస్తుంటే చివరిదాకా ఉండండి. ఎందుకంటే ఈ ఒక్క లెక్క తప్పి మా పిన్ని చేతికొచ్చిన ఆర్డర్ వదిలేసుకుంది. ఆ కథతోనే మొదలుపెడతాను.

పిన్ని వదిలేసిన ఆర్డర్

మాది వీరులపాడు మండలం, నందిగామ పక్కన. ఒకప్పుడు కృష్ణా జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా. మా వైపు పత్తి, మిర్చి బాగా వేస్తారు. పిన్ని డ్వాక్రా లోను తీసుకుని చిన్న కారం మిల్లు పెట్టుకుంది. కారం పట్టి, ప్యాక్ చేసి అమ్ముతుంది. రోజూ నడిచే మిల్లు.

2025 మార్చిలో విజయవాడలో ఒక హాస్టల్ మెస్ వాళ్లు ఫోన్ చేశారు. 220 కేజీల కూర కారం కావాలి, ధనియాలు కలిపి పట్టాలి, 5 కేజీల డబ్బాల్లో ఇవ్వాలి. కేజీకి 200 రూపాయలు ఇస్తాం, అంతకుమించి ఇవ్వలేం అన్నారు. మొత్తం 44,000 రూపాయలు.

పిన్ని నోటు పుస్తకం తీసింది. తన దగ్గరున్న మిర్చి అంతకుముందు ఏడాది కేజీ 190 పెట్టి కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టింది. ఆ ధరతో లెక్క వేస్తే ఆర్డర్ మీద దాదాపు తొమ్మిది వేలు నష్టం కనిపించింది.

"ఒరేయ్, నూట తొంభైకి కొన్న మిర్చిని పట్టించి, డబ్బాల్లో పెట్టి, బండెక్కించి రెండొందలకి ఇమ్మంటారేంట్రా? కుదరదని చెప్పేశా" అంది నాతో.

వినడానికి న్యాయంగానే ఉంది కదా? కానీ ఆ ఆర్డర్ తీసుకుని ఉంటే పిన్నికి దాదాపు ఎనిమిది వేలు మిగిలేవి. ఎలాగో చూద్దాం. అంకెలు సులువుగా ఉండేలా రౌండ్ చేశాను.

ముందు మార్కెట్ సంగతి గుర్తు తెచ్చుకోండి. 2023లో మంచి రకం మిర్చి క్వింటా 20 వేలు దాటి పలికింది. 2025 మొదటికి వచ్చేసరికి ధర బాగా పడిపోయింది. ఎంతలా అంటే ఆ ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ ఇంటర్వెన్షన్ స్కీమ్ కింద మన రాష్ట్రం మిర్చికి క్వింటా 11,781 రూపాయల ధర ప్రకటించింది, 2.91 లక్షల టన్నుల దాకా. అంటే పిన్ని 190కి కొన్న లాంటి మిర్చి ఆ మార్చిలో కేజీ 120కే దొరుకుతోంది.

మూడు ప్రశ్నలు

ఒక ఖర్చు ఈ నిర్ణయానికి రిలవెంటా కాదా తెలియాలంటే మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

ఒకటి, ఇది ఇకముందు జరిగేదా? ఇప్పటికే అయిపోయిన ఖర్చయితే వదిలేయండి. దాన్నే సంక్ కాస్ట్ అంటారు. మునిగిపోయిన డబ్బు. మీరు ఔనన్నా కాదన్నా అది తిరిగి రాదు.

రెండు, నిజంగా జేబులోంచి డబ్బు పోతుందా, లేదా రావాల్సిన డబ్బు ఆగిపోతుందా? మిల్లు మీద వేసే తరుగుదల పుస్తకంలో అంకె మాత్రమే. ఈ ఆర్డర్ వల్ల డబ్బు కదలదు.

మూడు, ఈ నిర్ణయం వల్ల మారుతుందా? డ్వాక్రా లోను కిస్తీ ఆర్డర్ తీసుకున్నా కట్టాలి, తీసుకోకపోయినా కట్టాలి. కాబట్టి ఈ లెక్కలోకి రాదు.

మూడింటికీ ఔను అంటేనే రిలవెంట్. ఇది ఇవాళ్టి మాట కాదు. జె. మారిస్ క్లార్క్ అనే అమెరికన్ ఎకనామిస్టు 1923లోనే ఓవర్‌హెడ్ ఖర్చుల మీద రాసిన పుస్తకంలో, ఒక్కో అవసరానికి ఒక్కో రకం ఖర్చు లెక్క ఉంటుందని వాదించాడు. బ్యాలెన్స్ షీటుకి కావాల్సిన లెక్క వేరు, నిర్ణయానికి కావాల్సిన లెక్క వేరు.

ఇప్పుడు పిన్ని ఆర్డర్‌లో ఒక్కో సరుకూ చూద్దాం.

మిర్చి: స్టాకులో ఉంది, రోజూ వాడతాం

ఆర్డర్‌కి 220 కేజీల ఎండు మిర్చి కావాలి. తొడిమలు తీసి, పట్టాక తరుగు పోను సుమారు 200 కేజీల కారం వస్తుంది. మిగతా 20 కేజీలు ధనియాలు.

పిన్ని పుస్తకం ప్రకారం 220 కేజీలు, కేజీ 190 చొప్పున 41,800. కానీ ఆ 190 ఎప్పుడో ఇచ్చేసింది. అది సంక్ కాస్ట్.

మరి మిర్చి ఫ్రీయా? కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. పిన్ని మిల్లు రోజూ నడుస్తుంది. ఈ 220 కేజీలు హాస్టల్‌కి వాడేస్తే, రేపు మామూలు కారం పట్టడానికి మళ్లీ 220 కేజీలు కొనాలి. ఎంతకి? ఇవాళ్టి ధరకి, 120కి. అంటే ఈ ఆర్డర్ వల్ల జేబులోంచి పోయేది 26,400.

దీన్నే రీప్లేస్‌మెంట్ కాస్ట్ అంటారు. రోజూ వాడే సరుకు స్టాకులో ఉంటే, దాని రిలవెంట్ కాస్ట్ మళ్లీ కొనే ధర. పాత ధర ఎంతైనా సరే.

మరి కోల్డ్ స్టోరేజీ అద్దె? సీజన్ మొత్తానికి టిక్కీకి ఇంత అని ముందే ఒప్పుకుని ఉంటే, ఇవాళ తీసినా రెండు నెలలకి తీసినా ఒకటే. కాబట్టి రిలవెంట్ కాదు. నెలనెలా కట్టే పద్ధతైతే, ఇవాళ తీసేస్తే మిగిలే అద్దెని ఖర్చులోంచి తగ్గించుకోవచ్చు. మీ ఒప్పందం ఎలా ఉందో చూసుకుని లెక్క వేయాలి.

ధనియాలు: స్టాకులో లేవు, కొనాలి

ఇది సులువు. లేని సరుకుకి రిలవెంట్ కాస్ట్ అంటే ఇవాళ కొనే ధర. కానీ ఇక్కడ చిన్న మెలిక. కావాల్సింది 20 కేజీలు. షాపతను 25 కేజీల బస్తా విప్పి ఇవ్వడు. కేజీ 100 చొప్పున బస్తా 2,500.

పిన్ని పుస్తకంలో 20 కేజీలకే 2,000 రాసుకుంది. కానీ జేబులోంచి పోయేది 2,500 కదా. మిగిలిన 5 కేజీలు పిన్నికి వేరే పనికి అక్కర్లేదు, పక్కింటివాళ్లు కేజీ 80కి తీసుకుంటామన్నారు, 400 వెనక్కి వస్తుంది. కాబట్టి 2,500లోంచి 400 పోను 2,100. అదే ఆ 5 కేజీలు ఎవరూ కొనకపోతే మొత్తం 2,500 ఈ ఆర్డర్ మీదే పడుతుంది.

డబ్బాలు: స్టాకులో ఉన్నాయి, మామూలుగా వాడం

పాత ఆర్డర్ ఒకటి క్యాన్సిల్ అయ్యి, పిన్ని దగ్గర 5 కేజీల ప్లాస్టిక్ డబ్బాలు 50 మిగిలిపోయాయి. ఒక్కోటి 60కి కొంది. పిన్ని మామూలుగా అమ్మేది పావుకేజీ, అరకేజీ ప్యాకెట్లు. ఈ డబ్బాలు వాడేసినా మళ్లీ కొనదు. కాబట్టి ఇక్కడ రీప్లేస్‌మెంట్ కాస్ట్ పనికిరాదు.

అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇది. ఈ డబ్బాలు ఈ ఆర్డర్‌కి వాడకపోతే వాటితో ఏం చేస్తాం? రెండు దారులున్నాయి.

మొదటిది, అమ్మేయడం. డబ్బాల షాపతను ఒక్కోటి 25కి వెనక్కి తీసుకుంటాడు.

రెండోది, ఎండాకాలం ఆవకాయకి వాడటం. దానికి వేరే రకం డబ్బా 40 పెట్టి కొనాలి. వీటిని వాడితే ఆ 40 మిగులుతుంది. కాకపోతే కొత్త మూతలకి ఒక్కోదానికి 5 అవుతుంది. నికరంగా మిగిలేది 35.

25, 35. ఏది ఎక్కువో అది తీసుకోవాలి. ఎందుకంటే తెలివైన వ్యాపారి ఎక్కువ వచ్చే దారిలోనే వెళ్తాడు. ఈ ఆర్డర్ వల్ల వదులుకునేది ఆ 35నే. ఇదే ఆపర్చునిటీ కాస్ట్. 44 డబ్బాలు కావాలి, 44 ఇంటూ 35 అంటే 1,540. పుస్తకంలో రాసింది 2,640.

అట్టపెట్టెలు: ఎందుకూ పనికిరానివి

నాలుగేసి డబ్బాలకి ఒక పెట్టె, 11 పెట్టెలు కావాలి. అదే క్యాన్సిలైన ఆర్డర్ కోసం వాళ్ల పేరు ప్రింట్ చేయించినవి 15 ఉన్నాయి, ఒక్కోటి 30. ఎవరూ కొనరు, వేరే వాడకం లేదు. తిరగేసి అతికిస్తే హాస్టల్‌కి పనికొస్తాయి. వాటి రిలవెంట్ కాస్ట్? సున్నా. పుస్తకంలో మాత్రం 330.

మొత్తం కలిపితే

పుస్తకం లెక్క:
మిర్చి 41,800
ధనియాలు 2,000
డబ్బాలు 2,640
పెట్టెలు 330
మెటీరియల్ మొత్తం 46,770

రిలవెంట్ లెక్క:
మిర్చి 26,400
ధనియాలు 2,100
డబ్బాలు 1,540
పెట్టెలు 0
మెటీరియల్ మొత్తం 30,040

తొడిమలు తీసే కూలీలు, కరెంటు, ఆటో బాడుగ, ఇవి ఈ ఆర్డర్ వల్ల కొత్తగా అయ్యేవి 6,000 అనుకుందాం. రెండు లెక్కలకీ కలపండి.

పుస్తకం లెక్కలో ఖర్చు 52,770. వచ్చేది 44,000. నష్టం 8,770.
రిలవెంట్ లెక్కలో ఖర్చు 36,040. వచ్చేది 44,000. మిగులు 7,960.

చూశారా? ఒకే ఆర్డర్, ఒకే సరుకు. ఒక లెక్క వద్దంటోంది, ఇంకోటి తీసుకోమంటోంది.

నేను ఇది చెప్తే పిన్ని ఒక మంచి ప్రశ్న అడిగింది. "మరి నా డెబ్బై రూపాయలు పోయినట్టేనా?" అని. కేజీకి 190కి, 120కి తేడా. నిజమే పిన్నీ, ఆ నష్టం జరిగింది. కానీ అది జరిగింది మార్కెట్లో ధర పడిన రోజు. హాస్టల్ వాళ్ల వల్ల కాదు. వాళ్ల ఆర్డర్ కాదంటే ఆ డెబ్బై తిరిగొస్తుందా? రాదు. పైగా రావాల్సిన 7,960 కూడా పోయింది.

మన రైతులు కూడా కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు పెట్టి, "ఇంత పెట్టుబడి పెట్టాను, అంతకి తక్కువకి అమ్మను" అంటారు. ఆ బాధ అర్థం చేసుకోవాల్సిందే. కానీ అమ్మాలా ఉంచాలా అని తేల్చేది పెట్టిన పెట్టుబడి కాదు. ఇవాళ అమ్మితే ఎంత, ఉంచితే రేపు ఎంత రావొచ్చు, ఉంచడానికి అద్దె, వడ్డీ ఎంత. ఈ మూడే.

ఇదే తిరగబడితే?

ఇప్పటిదాకా విని, రిలవెంట్ కాస్ట్ అంటే ఎప్పుడూ తక్కువ ధర అనుకోకండి. ధర పెరిగినప్పుడు ఇదే లెక్క మిమ్మల్ని కాపాడుతుంది.

పిన్ని 120కి కొని పెట్టుకుంది, ఇవాళ మార్కెట్లో 190 అయ్యింది అనుకోండి. అదే ఆర్డర్ వచ్చింది. పుస్తకం ప్రకారం మెటీరియల్ 31,370, మిగతా 6,000, మొత్తం 37,370. లాభం 6,630 కనిపిస్తుంది. ఎగిరి గంతేసి ఒప్పుకుంటారు.

కానీ ఆ 220 కేజీలు మళ్లీ నింపుకోవడానికి 41,800 పెట్టాలి. రిలవెంట్ లెక్కలో ఖర్చు 51,440. నిజానికి 7,440 నష్టం. పుస్తకంలో లాభం ఉంటుంది, మళ్లీ సరుకు కొనడానికి మాత్రం డబ్బు చాలదు. "లాభమే కదా వస్తోంది, మరి చేతిలో రూపాయి ఎందుకు ఉండట్లేదు" అని చాలా చిన్న షాపులవాళ్లు తల పట్టుకునేది ఇందుకే.

ఎగ్జామ్‌లో తిప్పి అడిగేవి

ఒకటి. పిన్ని మిల్లు మూసేస్తోంది అనుకోండి. అప్పుడు మిర్చి మళ్లీ కొనదు. రీప్లేస్‌మెంట్ కాస్ట్ పోయింది. ఇప్పుడు రిలవెంట్ కాస్ట్ అమ్మితే వచ్చేది. కమిషన్, బాడుగ పోను కేజీకి 110 వస్తుందంటే, 220 కేజీలకి 24,200. సరుకు అదే, పరిస్థితి మారింది, ధర మారింది. అందుకే ప్రశ్నలో "రెగ్యులర్‌గా వాడతారు" అని ఉందో లేదో ముందు వెతకండి.

రెండు. ముందే ఒప్పుకున్న కొనుగోలు. అడ్వాన్సు ఇచ్చి, ఇంత సరుకు ఇంతకి తీసుకుంటానని వెనక్కి తీసుకోలేని ఒప్పందం చేసుకుంటే, ఇంకా డబ్బు పూర్తిగా కట్టకపోయినా ఆ ధర కమిటెడ్ కాస్ట్. ఎలాగూ కట్టాల్సిందే. దాన్ని స్టాకులో ఉన్న సరుకులాగే చూడాలి.

మూడు. మార్కెట్లో సరుకే దొరకడం లేదు. ఉన్నది ఈ 220 కేజీలే. ఇది హాస్టల్‌కి ఇస్తే పచ్చడి ఆర్డర్ వదులుకోవాలి. పచ్చళ్లలో మిర్చి ధర 120, మిగతా ఖర్చులు పోను కేజీ మిర్చికి 40 మిగులుతుందంటే, ఇప్పుడు మిర్చి రిలవెంట్ కాస్ట్ 120 ప్లస్ 40, అంటే 160.

నాలుగు. మైనస్‌లో కూడా ఉండొచ్చు. ఇది వింతగా ఉంటుంది కానీ మన పక్కనే ఉదాహరణ ఉంది. ఇబ్రహీంపట్నంలో థర్మల్ పవర్ స్టేషన్ ఉంది కదా, బొగ్గు కాలిస్తే బూడిద వస్తుంది. 2021 డిసెంబర్ 31 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం, నిబంధన మేరకు వాడకంలోకి పంపకుండా మిగిలిపోయిన బూడిదకి పవర్ స్టేషన్లు టన్నుకి 1,000 రూపాయల పర్యావరణ పరిహారం కట్టాలి. అలా పరిహారం పడే బూడిదని ఏ పవర్ స్టేషనైనా ఇటుకలకి వాడిందనుకోండి, ఆ 1,000 మిగులుతుంది. కాబట్టి దాని లెక్కలో ఆ బూడిద రిలవెంట్ కాస్ట్ టన్నుకి మైనస్ 1,000. ఇక సిమెంటు కంపెనీకి అదే బూడిద కొని తెచ్చుకునే మెటీరియల్. జగ్గయ్యపేట వైపు సిమెంటు ఫ్యాక్టరీలు మీకు తెలుసు. పోజొలానా సిమెంటులో 15 నుంచి 35 శాతం దాకా ఫ్లై యాష్ కలపొచ్చని ఐఎస్ 1489 స్టాండర్డ్ చెప్తుంది. ఒకరికి వదిలించుకోవాల్సినది, ఇంకొకరికి కొనాల్సిన సరుకు. ఎవరి నిర్ణయం అని అడగకుండా ధర వేయకండి.

ఐదు. జీఎస్టీ. మీరు మామూలు రిజిస్ట్రేషన్‌లో ఉండి ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోగలిగితే, డబ్బాల ధరలో జీఎస్టీ తీసేసి లెక్కేయండి. కాంపొజిషన్ స్కీమ్‌లో ఉన్నవాళ్లకి క్రెడిట్ రాదు, కాబట్టి వాళ్లకి జీఎస్టీతో కలిపిన ధరే రిలవెంట్.

ఒక జాగ్రత్త

36,040 అనేది ఈ ఒక్క ఆర్డర్‌కి కనీస ధర. అంతకన్నా కిందకి పోతే నష్టం అని చెప్పే గీత. రోజూ ఆ ధరకే అమ్మమని కాదు. రోజూ అలాగే అమ్మితే లోను కిస్తీ, మిల్లు రిపేర్లు ఎక్కడినుంచి వస్తాయి? ఖాళీ సమయంలో వచ్చిన విడి ఆర్డర్‌కి ఈ లెక్క బాగా పనికొస్తుంది. అలాగే మీ మామూలు కస్టమర్లు "వాళ్లకి ఇచ్చిన రేటే మాకూ ఇవ్వండి" అని అడిగితే పోయేది కూడా లెక్కలో వేయాలి. అదీ ఈ నిర్ణయం వల్లే కదా.

ఇంకొకటి. అకౌంట్స్ పుస్తకాల్లో స్టాకు విలువ మాత్రం ఇలా వేయకూడదు. అక్కడ కొన్న ధర, నికరంగా అమ్మితే వచ్చే ధర, రెంటిలో తక్కువది అన్నది అకౌంటింగ్ స్టాండర్డ్ 2 నియమం. రెండూ కలిపేస్తే మార్కులు పోతాయి.

మీకో చిన్న లెక్క

నందిగామలో ఒక వెల్డింగ్ షాపు. ఒక షెడ్డు పనికి 150 కేజీల స్పెషల్ పైపు కావాలి. పాత పనిలో మిగిలినది 100 కేజీలు ఉంది, కేజీ 90కి కొన్నది. మామూలుగా వాడరు. పాత ఇనుముకి వేస్తే కేజీ 30. లేదా గ్రిల్స్ పనిలో 65 రూపాయల పైపు బదులు వాడొచ్చు, కాకపోతే కటింగ్‌కి కేజీకి 10 అవుతుంది. కొత్తగా కొంటే ఇవాళ స్పెషల్ పైపు కేజీ 80. రిలవెంట్ కాస్ట్ ఎంత? ఇక్కడ పాజ్ చేసి వేయండి.

అయిందా? ఉన్న 100 కేజీలకి 30, 55లో ఎక్కువది 55, అంటే 5,500. లేని 50 కేజీలకి 80 చొప్పున 4,000. మొత్తం 9,500. 90 అనే అంకె మీ లెక్కలో ఎక్కడైనా కనిపిస్తే, ఎపిసోడ్ మొదటినుంచి ఇంకోసారి చూడండి.

గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. "ఎంతకి కొన్నాను" అని కాదు, "ఇది ఇక్కడ వాడితే నా జేబులో ఏం మారుతుంది" అని అడగండి. పిన్ని ఇప్పుడు నోటు పుస్తకంలో కొన్న ధర పక్కన ఇంకో గడి గీసుకుంది, "ఇవాళ్టి ధర" అని. ఆర్డర్ ఫోన్ వస్తే ముందు నందిగామలో మిర్చి రేటు కనుక్కుని, ఆ గడి నింపాకే జవాబు చెప్తోంది.

వచ్చే ఎపిసోడ్‌లో ఇదే పద్ధతిలో లేబర్ రిలవెంట్ కాస్ట్ చూద్దాం. అప్పటిదాకా ఉంటాను ఫ్రెండ్స్, బై.